దుంగ మీద బెల్లం

నవంబర్ 9, శనివారం

గుర్రాలంటే నాకు అసహ్యం. ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బయట అంటే నాన్న ఉద్యోగం పోతుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఉన్న ఈ రైడింగ్ క్లబ్బు నిజానికి క్లబ్బు కాదు, ప్లాట్ల వెంచర్. పత్తి వ్యాపారి శేఖర్ నల్లరేగడి చేను కొని హద్దురాళ్లు పాతాడు. బ్రోచర్ మీద గుర్రం బొమ్మ ఉంటే హైదరాబాద్ పార్టీలు వస్తాయని ఎవరో చెప్పారట, నాలుగు గుర్రాలు తెచ్చాడు. వాటికి డాలర్, పౌండ్, యూరో, దీనార్ అని పేర్లు. మనిషి బుద్ధి ఎటు పోతుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మా నాన్న ఏసన్న ఆ నాలుగింటికీ లద్దె ఎత్తి, దాణా పెట్టి, ఒళ్లు తోముతాడు. నేను డిగ్రీ ఫైనలియర్. పొద్దున్నే కాలేజీ బస్సుకు ముందు వాటిని తిప్పుతాను. మొదట కళ్లెం పట్టుకుని నడిపించడమే నా పని. బరువు తక్కువున్నానని తర్వాత ఎక్కించారు. రెండేళ్లయింది. డాలర్ ఇప్పటికీ నన్ను కరుస్తుంది. రేసుల్లో పనికిరాదని తోలేసిన గుర్రం అది. దానికి లోకం మీద కోపం. నాకూ అంతే. అందుకే మా ఇద్దరికీ పడదు.

నవంబర్ 12, మంగళవారం

కోచ్ బాలరాజు సార్ ఆర్మీలో గుర్రాల మీదే రిటైరైన మనిషి. సొంతూరు ఎమ్మిగనూరు పక్కనే. యూనిఫాంతో పాటు నవ్వు కూడా అక్కడే సరెండర్ చేసి వచ్చినట్టున్నాడు. ఈరోజు మమ్మల్ని ఎండలో నిలబెట్టి ఈవెంటింగ్ అంటే ఏంటో చెప్పాడు.

ఒకే గుర్రం, ఒకే మనిషి, మూడు పరీక్షలు. మొదటిది డ్రెసాజ్. చదును నేల మీద, చెప్పిన చోట నడవాలి, చెప్పిన చోట తిరగాలి, చెప్పిన చోట ఆగాలి. గుర్రం మాట వింటుందా లేదా అని చూస్తారు. రెండోది క్రాస్ కంట్రీ. చేల మీదుగా, గట్ల మీదుగా పరిగెత్తుతూ దుంగలు, గుంతలు, నీళ్లు దాటాలి. దుంగలు కదలవు. గుర్రం తప్పు చేస్తే పడేది మనమే. మూడోది షో జంపింగ్. ఇక్కడ కర్రలు కాలు తగిలితే పడిపోతాయి. అంత పరుగు పరిగెత్తి అలిసిపోయిన గుర్రం మళ్లీ జాగ్రత్తగా కాళ్లు ఎత్తుతుందా అని పరీక్ష. ఒకప్పుడు సైన్యంలో గుర్రాలు యుద్ధానికి పనికొస్తాయో లేదో చూడటానికి పెట్టిన ఆట అట. ఇందులో బాగా చేసినందుకు ఏమీ ఇవ్వరు. తప్పులకు మాత్రం లెక్కేస్తారు. ఎవరి తప్పులు తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. మా అమ్మ నన్ను పెంచిన పద్ధతి కూడా అదే.

డిసెంబర్ నెలాఖరులో మా క్లబ్బులోనే చిన్న స్థాయి పోటీ పెడతారట. శేఖర్‌కు ప్లాట్ల పార్టీలను పిలవడానికి ఒక తమాషా కావాలి. కానీ సార్ ఇంకో మాట చెప్పాడు. బెంగళూరు దగ్గర ఒక అకాడమీలో ఆయన పాత స్నేహితుడు ఉన్నాడు. మూడు పరీక్షలూ పూర్తి చేసిన వాళ్లెవరినైనా సార్ మాట మీద అక్కడ చేర్చుకుంటారు. పని, ట్రైనింగ్, హాస్టల్, జీతం. గెలవక్కర్లేదు, పూర్తి చేస్తే చాలు.

రెండేళ్లలో మొదటిసారి ఆయన మాట చివరిదాకా విన్నాను.

నవంబర్ 13, బుధవారం

జనవరి వస్తే మా ఊళ్లో సగం గుంటూరు మిరపకోతకు వలస పోతుంది. ఈసారి డిగ్రీ గిగ్రీ అనకుండా నన్ను కూడా తీసుకుపోతానంటోంది అమ్మ.

నవంబర్ 20, బుధవారం

మాతో పాటు ప్రాక్టీస్ చేసే ఇంకో అమ్మాయి సంజన. వాళ్ల తాత భీమసేనరావు మంత్రాలయం మఠంలో సేవలో ఉన్నాడు. నాన్న ఆదోనిలో లెక్చరర్. కారులో దిగుతుంది. డ్రెసాజ్‌లో ఆమెను చూస్తే, చిన్నప్పుడు వీపుకు స్కేలు కట్టి పెంచారా అనిపిస్తుంది.

ఈరోజు జీను తుడుస్తూ తన కష్టం చెప్పుకుంది. అది తోలు కాబట్టి ఇంటికి పోగానే పెరట్లోనే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటే గానీ నానమ్మ భాగీరథమ్మ లోపలికి రానివ్వదట. నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. మా తాత మోటకు తోలు బొక్కెనలు కుట్టి బతికాడు. తోలు ముట్టుకున్నందుకు మా ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు. మా తాతను ముట్టుకున్నందుకు ఊళ్లోవాళ్లు చేసేవాళ్లు. జీను ఆమె చేతిలోంచి లాక్కుని నేనే తుడిచాను.

నవంబర్ 28, గురువారం

పడ్డాను. ప్రాక్టీస్ దుంగ ముందు డాలర్ పక్కకు దూకింది, నేను ముందుకు పోయాను. నోట్లో రేగడి మట్టి. సార్ వచ్చి ముందు గుర్రం కాళ్లు చూశాడు. తర్వాత నన్ను లేవమన్నాడు. గుర్రం ఎందుకు పక్కకు పోయిందో చెప్పమన్నాడు. దానికి పొగరని చెప్పాను. పొగరు కాదు, నీ చేతులు ముందే భయపడ్డాయి, అది కళ్లెంలోంచి దానికి తెలిసిందని అన్నాడు. ఆయన నోరు పడిపోను. నిజమే.

ఇంట్లో అమ్మ నడుముకు కాపడం పెడుతూ ఒకటే సామెత. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. పక్కింటి వాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

డిసెంబర్ 8, ఆదివారం

డాలర్ దారిలో పడింది. చేతులు వదులుగా పెడితే చాలు, ప్రాక్టీస్ దుంగలన్నీ ఆగకుండా దాటేస్తోంది. ఈ వారంలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. కరవడం మాత్రం మానలేదు.

చర్చి నుంచి వస్తూ నాన్న తన ఎద్దుల కథ మళ్లీ చెప్పాడు. గుర్రాలకు రాకముందు ఆయన ఒక రెడ్డిగారి దగ్గర బండలాగుడు పోటీల ఎద్దులను మేపేవాడు. పోటీకి ముందురోజు సాయంత్రం ఎద్దులను తీసుకుపోయి లాగాల్సిన దారి అంతా నడిపించేవాడట. చివరికి బండ దగ్గర ఆపి, ఆ బండ మీదే బెల్లం పెట్టి నాకించేవాడట. చూడని బండను ఎద్దు నమ్మదట. అలా ఎన్ని ఊళ్లలో గెలిచాడో ఏకరువు పెట్టాడు. ఎన్నిసార్లు విన్నానో. వింటూ ఫోన్ చూసుకున్నాను.

డిసెంబర్ 14, శనివారం

వెంచర్ అవతలి వైపు, ప్లాట్లు వేయని చేలో సార్ క్రాస్ కంట్రీ కోర్సు కట్టిస్తున్నాడు. తుమ్మ దుంగలు, పాత టైర్లు, ఒక గుంత, ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్లు నింపిన మడుగు. ఒక్కో అడ్డానికి కుడి పక్క ఎర్ర జెండా, ఎడమ పక్క తెల్ల జెండా. మధ్యలోంచే దాటాలి. మమ్మల్ని అటువైపు పోనివ్వడం లేదు.

డిసెంబర్ 21, శనివారం

డ్రెసాజ్ అయిపోయింది. సంజన ఫస్ట్. నేను నలుగురిలో మూడు. బెంగళూరు నుంచి వచ్చిన జడ్జి నా గుర్రం నోరు గట్టిగా ఉందన్నాడట, కళ్లెం లాగినా లొంగదని. నా నోరు ఆయన వినలేదు.

మధ్యాహ్నం రైడర్లను మాత్రం తీసుకుపోయి కోర్సు చూపించారు. దీన్ని కోర్స్ వాక్ అంటారు. నడిచి చూడాలి, ఎక్కడ వేగం తగ్గించాలి, ఎక్కడ మలుపు తీసుకోవాలి అన్నీ కాళ్లతో కొలుచుకోవాలి. గుర్రం మాత్రం చూడకూడదు. సార్ దీన్ని రెండుసార్లు చెప్పాడు. గుర్రం ప్రతి అడ్డాన్నీ రేపే మొదటిసారి చూడాలి. వీపు మీది మనిషిని నమ్మి ఎగరాలి. ఆటంతా ఆ నమ్మకానికే. ముందుగా ఎవరు చూపించినా, రైడరైనా ఇంకొకరైనా, ఎలిమినేట్ చేస్తారు.

నాన్న అప్పుడు షెడ్డులో దాణా కలుపుతున్నాడు.

రేపు రెండూ అయిపోతాయి. పొద్దున క్రాస్ కంట్రీ, మధ్యాహ్నం జంపింగ్. ఆ తర్వాత నేను ఈ ఊరి మనిషిని కాదు.

డిసెంబర్ 22, ఆదివారం, ఉదయం 6.00

వరసగా రాస్తాను.

షెడ్డులో డాలర్‌కు జీను వేస్తుంటే నాన్న టీ తెచ్చిచ్చాడు. చుట్టూ చూసి, గుసగుసగా, పండగ కబురు చెప్పినట్టు చెప్పాడు.

“నిన్న సాయంత్రం అందరూ పోయినాక దాన్ని ఆడికి తోలుకపోయి అన్నీ సూపిచ్చినానమ్మా. ఒక్కో దుంగ మీద ఇంత బెల్లం రుద్ది నాకిచ్చినాను. ఇంక యాడా బెదరదు.”

టీ గ్లాసు కింద పెట్టాను. ఎవరికైనా చెప్పావా అని అడిగాను. లేదన్నాడు. నోరు తెరిస్తే చంపేస్తానన్నాను. కన్నతండ్రిని అన్నాను. ఎందుకని అడగడానికి కూడా భయపడి బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

సార్ వంద గజాల దూరంలో ఉన్నాడు. పోయి చెప్పొచ్చు. చెబితే నేను ఔట్, నాన్న ఔట్, జనవరిలో గుంటూరు. ఈ రూల్ రాసినవాడు ఎప్పుడైనా మిరపచేలో వంగాడా? మండే చేతులతో కళ్లు తుడుచుకోకూడదని వాడికి తెలుసా? గుర్రం ఒకసారి దుంగను చూస్తే ఎవడి కొంప మునిగింది?

చెప్పను.

అదే రోజు, సాయంత్రం

మొదటి దుంగ చిన్నది. వేగం మీద దాటేశాం. గాలి చెవుల్లో హోరుమంది. ఒక్క క్షణం, దేవుడి తోడు, గుర్రమంటే ఇష్టం వేసింది.

రెండో దుంగ కనపడగానే డాలర్ చెవులు ముందుకు నిక్కబొడుచుకున్నాయి. గుర్తుపట్టింది, ఎగురుతుందనుకున్నాను. వేగం తగ్గించింది. మడమలతో పొడిచాను. ఇంకా తగ్గించింది. దుంగ దగ్గరికి పోయి, పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చున్నట్టు నిలబడి, మెడ వంచి, దుంగను నాకింది.

జనం నవ్వారు. ప్లాట్ల పార్టీలు ఫోన్లు ఎత్తారు. వెనక్కి తిప్పి మళ్లీ తెచ్చాను. మళ్లీ ఆగింది, మళ్లీ నాకింది. మూడోసారి తెచ్చి బెత్తంతో కొట్టాను. కొట్టిన కొద్దీ నాకింది. తాడు అవతల నాన్న కనపడ్డాడు. మొదట గుర్రం గుర్తుపట్టిందని నవ్వు ముఖంతో ఉన్నాడు. మూడోసారికి ఆ ముఖంలో ఏమీ లేదు.

ఒకే అడ్డం ముందు మూడుసార్లు ఆగితే ఎలిమినేట్. విజిల్ వేశారు.

నేను దిగి గుర్రాన్ని నడిపించుకుని వస్తుంటే, బాలరాజు సార్ ఆ దుంగ దగ్గరికి పోయాడు. వంగి చూశాడు. దాని మీద నల్ల చీమల బారు. వేలితో తుడిచి వాసన చూశాడు. మూడో దుంగ దగ్గరికి కూడా పోయి చూశాడు. వేలు ప్యాంటుకు తుడుచుకుని నా వైపు తిరిగాడు. సంజన మిగతా రెండు పరీక్షలూ పూర్తి చేసింది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేయబోయింది. విదిలించుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్న గుర్రానికి దిష్టి తగిలిందేమో, పాస్టరుతో ప్రార్థన చేయిద్దామన్నాడు. అప్పుడు అరిచాను. అది ఎద్దు కాదని, నీ బెల్లం కోసమే ఆగిందని, చూపించడమే పెద్ద మోసమని, అది చాలక బెల్లం కూడా పెట్టి నన్ను ముంచావని, నీ ఎద్దుల తెలివి నీ దగ్గరే పెట్టుకోకపోయావా అని. అమ్మ నా నోరు మూయబోతే చెయ్యి తోసేశాను. నాన్న మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కటే అడిగాడు. ఆగకుండా దూకడం నేర్చిన గుర్రం ఇట్లా ఆగడం కూడా ఒక్కరోజులో నేర్చుకుంటుందా అని. దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాను.

డిసెంబర్ 23, సోమవారం

డాలర్ దుంగ నాకే రీల్ ఆదోని వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. బస్సులో ఒకడు నన్ను చూసి నాలుక బయటపెట్టాడు.

డిసెంబర్ 25, బుధవారం

చర్చిలో నాన్నకు దూరంగా కూర్చున్నాను. కొత్త చీర కట్టుకోలేదు. శత్రువులను ప్రేమించమని పాస్టరు చెప్పాడు. శత్రువుల సంగతి తర్వాత. ఇంట్లోవాళ్ల సంగతేంటి?

మధ్యాహ్నం నాన్న మాంసం ముక్కలు తన పళ్లెంలోంచి నా పళ్లెంలో వేశాడు. తీసి కుక్కకు వేశాను.

డిసెంబర్ 27, శుక్రవారం

నాన్న పొద్దున పనికి పోతూ కొత్త చొక్కా వేసుకున్నాడు. లద్దె ఎత్తడానికి కొత్త చొక్కా ఎందుకని అమ్మ అడిగింది. చెప్పలేదట.

డిసెంబర్ 28, శనివారం

సార్ పిలిపించాడు. ఆఫీసు గదిలో శేఖర్ కుర్చీలో ఉన్నాడు, సార్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, నాన్న తలుపు పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు. నిన్నటి చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది.

నిన్న నాన్న సార్ దగ్గరికి పోయి తానే చూపించానని, తానే బెల్లం పెట్టానని చెప్పేశాడు. పార్టీల ముందు పరువు తీశాడని శేఖర్ ఆయన్ని అప్పటికే పనిలోంచి తీసేశాడు. ఆ సంగతి నాన్న ఇంట్లో చెప్పలేదు. ఈరోజు కూడా డ్యూటీకి వచ్చినట్టే వచ్చాడు.

చీమలను చూసిన రోజే అనుమానం వచ్చిందని సార్ అన్నాడు. తర్వాత విషయం తేల్చాడు. రైడర్‌కు తెలియకుండా షెడ్డు మనిషి చేసిన పని అయితే రైడర్ మీద మచ్చ ఉండదు, జడ్జిల్లో ఒకాయన కర్నూలులోనే ఉన్నాడు, ఆయన్ని పిలిపించి వేరే గుర్రంతో ఇంకోసారి పరీక్ష పెట్టిస్తాడు. తెలిసీ ఎక్కి ఉంటే అకాడమీ దగ్గర తన నోటితో నా పేరు ఎత్తడు.

“మీ నాయన నీకు తెల్దంటాండాడు. నువ్వు సెప్పు. ఎక్కేముందు తెలుసునా నీకు?”

నాన్న నా వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

“తెల్దు సార్” అన్నాను.

సార్ నా ముఖం చాలాసేపు చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. సరే, ఐదో తారీకు అన్నాడు. నాన్న ఊపిరి వదలడం నాకు వినపడింది. సంతోషంతో వదిలాడు. దానికే నాకు ఒళ్లు మండింది.

రోడ్డు మీద నడుస్తూ అడిగాను. నిన్ను ఎవరు పొమ్మన్నారు, ఎవరు చెప్పమన్నారు అని. ఆరు రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. నాన్న కొంచెం దూరం నడిచాడు.

“టీ అంగట్లో అందరూ నీకు సవారి రాదనుకుంటాండారు రేణుకా. అది నేనెట్ల ఇనేది?”

వెనక పత్తి లారీలు వస్తున్నాయి. ఆయన నన్ను రోడ్డు లోపలి వైపుకు జరిపి తాను అంచున నడిచాడు.

జనవరి 5, ఆదివారం

పౌండ్ మీద ఎక్కాను. డ్రెసాజ్ అయింది. కోర్సు మార్చేశారు, అన్నీ కొత్త చోట్ల. పౌండ్ వాటిని మొదటిసారి చూసింది. మడుగు ముందు ఒక్కసారి ఆగింది, రెండోసారి దూకింది. జంపింగ్‌లో ఒక కర్ర పడింది. పూర్తి చేశాను.

నన్ను నమ్మి దూకింది ఆ గుర్రం. దానికేం తెలుసు.

సార్ చెయ్యి కలపలేదు. అకాడమీకి ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు. నాన్నను లోపలికి రానివ్వలేదు కాబట్టి గేటు బయట నిలబడి చూశాడట. పూర్తయ్యాక ఈల వేసింది ఎవరో అనుకున్నాను.

జనవరి 9, గురువారం

అమ్మా నాన్నా గుంటూరు పోయే డీసీఎం లారీలో ఎక్కారు. మూటలు, గిన్నెలు, ఊళ్లోవాళ్లు. రెండేళ్లు గుర్రాల దగ్గర ఉండి ఈయనకు మిరపకోత అలవాటు తప్పింది, చేతులు ఎలా ఉంటాయో ఏమో అని అమ్మ ఎవరితోనో అంటోంది. ఇప్పుడు ఆమె నన్నేమీ అనడం లేదు. సామెతలు కూడా లేవు.

చేతికి కొబ్బరినూనె రాసుకోమని నాన్నకు చెబుదామనుకున్నాను. బండి కదిలింది.

ఫిబ్రవరి 2, ఆదివారం. బెంగళూరు

నాన్న ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

ఎత్తితే బాగున్నావామ్మా అని అడుగుతాడు. బాగానే ఉన్నాను. అదే ఆయనకు చెప్పలేను.